పెంచిన అంకె, దించిన అంకె

అనగనగా తెనాలిలో ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరికీ ఫోన్లో చదరంగం పిచ్చి. ఇద్దరి రేటింగూ 1500కి అటూ ఇటూగా ఉండేది.

పెద్దోడికి ఆ అంకె పెరగాలనిపించింది. ఆట సంగతి తర్వాత. అమ్మ పాత ఫోన్లో ఇంకో పేరుతో ఖాతా తెరిచి తనతో తనే ఆడుకున్నాడు. ఈ చేత్తో ఎత్తు వేయడం, ఆ చేత్తో మంత్రిని అప్పనంగా ఇచ్చేసి రిజైన్ నొక్కడం. మొదట్లో పాయింట్లు బాగానే రాలాయి. ఓడే ఖాతా దిగజారేకొద్దీ గెలుపుకి విలువ పోయింది. తనకంటే 400 తక్కువున్నవాడితో పది ఆటలాడితే తొమ్మిది దాకా గెలవడం మామూలేనని రేటింగు లెక్క. మామూలు పనికి బహుమానం ఎవరిస్తారు? మళ్లీ కొత్త ఖాతా, మళ్లీ కొత్త ఈమెయిలు. అవీ చాలక స్నేహితుల్ని బతిమాలి ఓడించుకున్నాడు. ఎలాగైతేనేం, 1900 దాటాడు.

చిన్నోడు కిందికి దిగాడు. గెలిచే ఆటల్లో గడియారం అయిపోయేదాకా గోళ్లు కొరుక్కుంటూ కూర్చుని 1100కి జారాడు. 1200 లోపు వాళ్లకు ఆన్‌లైన్ పోటీ ఉందిగా, మొదటి బహుమతి రెండు వేలు! ఏడు రౌండ్లూ గెలిచాడు. ఆఖరి రౌండులో వాడి చేతిలో ఓడి రెండో స్థానంలో నిలిచింది ఓ ఆరో తరగతి పిల్ల.

సంగతి తాతకి తెలిసింది. పెద్దోణ్ణి చూసి పడీపడీ నవ్వాడు. "ఇక నీ సమఉజ్జీలతో ఆడుకోరా" అన్నాడు. యాప్ ఇప్పుడు 1900 వాళ్లనే జత కలుపుతోంది. వాళ్లు ఇరవై ఎత్తుల్లో వలిచి చేతిలో పెట్టారు. నెల తిరక్కుండా పెద్దోడు పాత చోటుకే వచ్చాడు.

చిన్నోడి దగ్గర మాత్రం తాత నవ్వలేదు.

"నేనేం పెంచుకోలేదుగా తాతయ్యా, తగ్గించుకున్నా!"

"తగ్గింది నీ అంకె. పోయింది ఆ పిల్ల డబ్బు. ముందు నిర్వాహకులకి ఫోన్ చేసి నిజం చెప్పు."

నీతి: రేటింగును జరపొచ్చు, కానీ పైకి జరిపితే అది నిలవదు. నిలవాలంటే బయటివాళ్లతో ఆడకూడదు. ఒకప్పుడు అమెరికాలో వర్జీనియా జైల్లో ఉన్న క్లాడ్ బ్లడ్‌గుడ్ కథ అదే. ఎక్కువగా తోటి ఖైదీలతోనే వేల ఆటలాడి 1996లో 2702కి ఎక్కాడు, ఆ దేశపు జాబితాలో రెండో స్థానం. కావాలనే పెంచుకున్నాడని కొందరన్నారు, ఆయన ఒప్పుకోలేదు. ఏదేమైనా జైలు గోడల మధ్య ఆ అంకెను దించే మొనగాడు లేకపోయాడు. ఆన్‌లైన్లో గోడల్లేవు, కాబట్టి పెద్దోడి దొంగతనానికి ఎదుటి ఆటగాళ్లే విరుగుడు.

చిన్నోడిదే అసలు దొంగతనం. కావాలని ఓడేవాణ్ణి ఏ ప్రత్యర్థీ సరిచేయలేడు, పైగా ఆ గెలుపు తన ఘనతేనని మురిసిపోతాడు. పోటీలు పెట్టేవారికి ఒక్క మనవి: ఇవాళ్టి రేటింగు చూసి విభాగం ఇవ్వకండి, ఆ ఆటగాడు ఇప్పటిదాకా ఎక్కిన అత్యధిక రేటింగు చూసి ఇవ్వండి.