ఆజ్ఞయు అంతరాత్మయు

“నా విధిని నేను నెరవేర్చితిని” అన్నంతనే మనుష్యుని బాధ్యత తీరునా? ఈ ప్రశ్న యుద్ధభూమి యందే కాదు, గృహమునందును కార్యాలయమునందును పుట్టుచున్నది. ఒకప్పుడు మన తీరమునకు శత్రువై వచ్చిన జపాను నౌకాధిపతి జిసబురో ఒజావా చరిత్రము దీనిని విచారించుటకు తగియున్నది.

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినవి. ఆ దళమునకు నాయకుడు ఒజావా. ఆ దినములలో అతని నౌకలు, విమానములు బంగాళాఖాతమున 20కి పైగా వర్తకపు ఓడలను ముంచినవి. చెన్నపట్టణమునుండి జనులు మూటలు కట్టుకొని లోపలి జిల్లాలకు తరలిపోయిరి. సముద్రమునెరుగని చంద్రగిరి సీమకు సయితము సముద్రయుద్ధము భయరూపమున వచ్చెను.

మన రేవులలో బరువులు మోయు కూలివానితో ఒజావాకు పగ యేమి? ఏమియు లేదు. ఆజ్ఞ యున్నది, నేర్పు కలదు, అంతియే.

అతడు పిరికివాడు కాడు. 1944 జూనులో ఫిలిప్పీను సముద్రమున ఓడిపోయి పదవిని విడువనెంచగా పైవారు అంగీకరింపలేదు. అక్టోబరులో శత్రువును ఉత్తరమునకు మరల్చుటకై తన నౌకలనే ఎరగా నడుపవలసి వచ్చెను. శత్రువు మరలెను, ఒజావా విమానవాహక నౌకలు నాలుగును మునిగెను, అయినను జపానుకు జయము కలుగలేదు. 1945 మే నెలలో సంయుక్త నౌకాదళమునకు అధిపతియైనను పై హోదాను స్వీకరింపలేదు.

ఆగస్టు 15న చక్రవర్తి లొంగుబాటును ప్రకటించిన పిమ్మట, మతోమే ఉగాకి అను మరియొక నౌకాధిపతి కొందరు వైమానికులను వెంటగొని మృత్యువునకు ఎదురేగెను. ఒజావా బ్రతికి, 1966లో మరణించెను. ఉగాకి మరణమును శౌర్యమని కొనియాడువారు, వెంటపోయిన యువకుల తల్లులను తలపవలదా? చచ్చుటవలన ఋణము తీరదు. ఓటమి భారమును మోయుచు జీవించుటయే అంతకంటె కఠినము.

కాని జీవించినంత మాత్రమున మునిగినవారు తిరిగిరారు. యుద్ధము ముగిసిన పిదప ధర్మరాజు వగచెను. ఆరంభమునకు ముందే అర్జునుడు విల్లు దించి ప్రశ్నించెను. అతనికి లభించిన సమాధాన మెట్టిదైనను, ప్రశ్నించుట తప్పని ఎవరును అనలేదు. మన బిడ్డలకు వినయముతోపాటు ఆ ప్రశ్నను సైతము నేర్పుదము. ప్రశ్నింపనేరని విధేయత ఇతరుల చేతి కత్తి. అది ఎవరి కంఠమున దిగునో దానికి తెలియదు.