సారె మూటలోని ధర్మము

ఆడపిల్ల తొలిసారి అత్తవారింటికి బయలుదేరునపుడు సారె పెట్టి పంపుట తెలుగువారి ఆచారము. పసుపు, కుంకుమ, చీర, రవికెల గుడ్డ, అరిసెలు, లడ్డూలు మొదలగు వానిని కలిగినంతలో కూర్చి కట్టిన ఆ మూట వెల గొప్పది కాకపోవచ్చును. అయినను "నీవు ఒంటరిదానవు కావు, నీ వెనుక పుట్టిల్లు ఉన్నది" అను మాట అందులో దాగియున్నది. నేడు దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబముల ఆడపిల్లలలో పెక్కుమంది పెండ్లికంటె ముందుగా చదువుకొరకు ఇల్లు విడుచుచున్నారు. వారిలో కొందరు నర్సు విద్యలో చేరుచున్నారు. అట్టివారికి స్వాగత కానుకగా ఒక చిన్న మూట కట్టి ఇయ్యవలెనని ఆలయ సంఘములు తలపోయుట మెచ్చదగినదే. అయితే స్వల్పమైన సొమ్ముతో ఆ మూటలో ఏమి పెట్టవలెను? ఎవరికి ఇయ్యవలెను? ఎట్లు ఇయ్యవలెను? ఇవి పైకి అంగడి లెక్కలవలె కనబడినను, తరచి చూచినచో ధర్మప్రశ్నలే.

ఈ విషయమున 1860వ సంవత్సరము రెండు విధముల స్మరింపదగినది. ఆ యేటనే లండను నగరమున సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ స్థాపించిన నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమైనది. ఆ యేటనే నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ మద్రాసునుండి ఒప్పంద కూలీలను తెచ్చి డర్బను రేవున దింపినది. చెరకు తోటలలో ఐదేండ్ల ఒడంబడిక, మొదటి యేట నెలకు పది షిల్లింగుల కూలి, కొలిచి పోసిన బియ్యము పప్పులు - ఇదియే నాటి బ్రతుకు. ఒడంబడిక ముగిసిన పిదప స్వదేశమునకు మరలక ఇచ్చట నిలిచినవారిపై 1895వ సంవత్సరపు చట్టము ఏటేటా మూడు పౌండ్ల పన్ను మోపినది. 1914లో గాని ఆ పన్ను తొలగలేదు. అట్టి స్థితిలో కూలిజనులు ఒకరికొకరు ఇచ్చుకొన్నవన్నియు చిన్న కానుకలే: గిద్దెడు బియ్యము, గుప్పెడు ఉప్పు, బాలింతకు ఒక పాతచీర. కాని వానిని అల్పములని ఎవరు అనగలరు?

రోగిసేవయు వారికి క్రొత్తది కాదు. 1899లో మొదలైన బోయరు యుద్ధకాలమున గాంధీగారు కూర్చిన భారతీయ అంబులెన్సు దళమున సుమారు 1,100 మంది ఉండిరి. వారిలో అధికులు ఒప్పంద కూలీలే. గాయపడిన సైనికులను డోలీలపై మోయుచు వారు ఒక్కొక్క దినము ఇరువది మైళ్ళకు పైగా నడచిరి. దళనాయకులకు పతకములు లభించినవి. డోలీలను మోసిన కూలీల పేర్లు చాలవరకు ఎవరికిని తెలియవు. పేరు కోరని సేవకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము మరి యొకటి అక్కరలేదు.

ఇక కానుక మాటకు వచ్చినచో, ఒక ఆలయ మహిళామండలి సమావేశమును ఊహించుకొనవచ్చును. భక్తుల ఇండ్లనుండి ఆ యేడు ఆరుగురు బాలికలు నర్సు కళాశాలలో చేరినారు. పోగైన సొమ్ము కొద్దిపాటిది. సభలోని పెద్దావిడ ఒక్కొక్కరికి ఒక ఇత్తడి దీపమును, జరీ అంచు చీరను ఇయ్యవలెనని సూచించినది. ఆసుపత్రిలో పనిచేయుచున్న ఒక కోడలు లేచి వినయముగా బదులు చెప్పినది.

"అత్తయ్యగారూ, వసతిగృహములో దీపము వెలిగించుటకు ఒప్పుకొనరండి. ఆ పిల్లకు ముందు కావలసినది ఎదపై పిన్నుతో తగిలించుకొను గడియారము."

"గడియారము చేతికి కట్టుకొనునది గదా అమ్మాయీ, ఎదపై ఎందుకు?"

"రోగిని ముట్టకముందును, ముట్టిన పిదపను ముంజేతివరకు కడుగుకొనవలెను గదండీ. చేతి గడియారము క్రింద మురికి నిలుచును. సెకనుల ముల్లున్న గడియారము ఎదపై వ్రేలాడుచుండినచో, ఒక చేత్తో రోగి నాడిని పట్టుకొని నిండు నిమిషము లెక్కపెట్టవచ్చును."

పెద్దావిడ ఒక్క క్షణము ఆలోచించి, "అట్లయిన దీపము వద్దు. గడియారమే ఇత్తము" అన్నది.

ఆ మాటతో మొదటి ప్రశ్న తీరినది. ఇచ్చువారి చేతికి అందమైనది కాక, పుచ్చుకొనువారి పనికి వచ్చునదే కానుక. జేబులో పట్టు చిన్న పుస్తకము, నల్ల సిరా కలములు, అల్మారాకు వేయు తాళము, భోజనపు డబ్బా, తలపిన్నులు, గోళ్ళు కత్తిరించు సాధనము - ఇవి చూపునకు పండుగ కానుకలవలె ఉండవు. కాని రాత్రి విధులలో నిలువుకాళ్ళపై నిలిచిన పిల్ల చేతికి సమయమునకు తగులునవి ఇవియే. సాధనములను, దుస్తులను కొనుటకు ముందుగా కళాశాల నియమమును అడిగి తెలిసికొనుటయు దానములో భాగమే. నిషేధించిన వస్తువును ఇచ్చుట పిల్లను ఇరకాటమున పెట్టుటయే గదా!

ఇచ్చట చవకకును నాసికిని గల భేదమును గుర్తింపవలెను. చవక వస్తువు సొమ్మును మిగుల్చును, నాసి వస్తువు రోగికి కీడు తెచ్చును. నడచుచు నడచుచు నిలిచిపోవు గడియారముతో నాడిని లెక్కించినచో ఆ తప్పు రోగి పట్టికకు ఎక్కును. కాబట్టి పది మెరుపు వస్తువులకంటె నమ్మదగిన నాలుగు వస్తువులు మేలు. కానుక పిల్ల చేతికి ఇచ్చినదే యైనను, దాని ఫలము ఆమె ముందున్న రోగికి చేరును. ఇచ్చువారు తామెన్నడును చూడని ఆ రోగినికూడ తలచుకొని కొనవలెను.

రెండవది, ఇచ్చు విధము. భగవద్గీత పదునేడవ అధ్యాయము దానమును మూడు తెఱగులుగా చెప్పినది. ప్రతిఫలము కోరక, తగిన దేశమున, తగిన కాలమున, తగిన పాత్రునకు కర్తవ్యముగా ఇచ్చునది సాత్త్వికము. ఫలమును ఆశించి లేదా నొచ్చుకొనుచు ఇచ్చునది రాజసము. గౌరవము లేక చులకనగా ఇచ్చునది తామసము. పేద ఇంటి పిల్లను వేదికపైకి పిలిచి, దాత పేరు చదివి, ఛాయాచిత్రము తీయించి మూటను ఆమె చేత పెట్టినచో, వస్తువు మంచిదే యైనను విధము చెడినట్లే. ఆమెతోపాటు నిలిచిన కలిగినవారి బిడ్డ తల యెత్తుకొనియుండగా ఈమె తల వంచుకొనవలసి వచ్చును. అందుచేత కలిమి లేములు చూడక అందరికి ఒకే మూట కట్టుట న్యాయము. కుచేలుడు అటుకుల మూటను సిగ్గుతో దాచుకొన్నాడు. కృష్ణుడు దానిని తానే అడిగి తీసికొన్నాడు. పేదవాని సిగ్గును పోగొట్టుటయే ఆ కథలోని పెద్ద దానము.

మూడవ ప్రశ్న కఠినమైనది: ఈ మూట ఎవరికి? దక్షిణాఫ్రికాలో 1957వ సంవత్సరపు నర్సుల చట్టము జాతినిబట్టి వేర్వేరు పట్టికలు పెట్టినది. అంతకు చాల ముందే, 1908లో, సిసిలియా మకివానె ఈ దేశమున రిజిస్టరైన తొలి నల్లజాతి నర్సుగా నిలిచినది. అట్టి గోడలు కూలి ముప్పదియేండ్లు దాటినది. నేడు తెలుగుపిల్ల ప్రక్కన జులు పిల్ల, తమిళపిల్ల ఒకే బల్లపై కూర్చుండి ఒకే పాఠము చదువుచున్నారు. వారి నడుమ ఒక్క తెలుగుపిల్ల మాత్రమే మూట విప్పుట ఉచితమా?

"చందా మనవారు ఇచ్చినది. మనవారికే చాలదు గదా" అను మాట తీసివేయదగినది కాదు. ఇంటి దీపమును ముందు వెలిగించుకొనుట ధర్మమే. అయితే దీనికి ఆచారమే ఒక త్రోవ చూపుచున్నది. పుట్టింటినుండి తెచ్చిన సారెను కోడలు తానొక్కతె తినదు. అత్తవారి ఇరుగుపొరుగు ఇండ్లకు పంచిపెట్టును. పంచనిచో అది సారె కాదు, చిరుతిండి మాత్రమే. కావున ఆ మహిళామండలి ఇట్లు నిశ్చయింపవచ్చును: దీపములు, చీరలు మానివేసి, మూటలోని వస్తువులనుకూడ కొంత తగ్గించి, ఒక్కొక్క బాలికకు సరిసమానమైన రెండు మూటలు ఇయ్యవలెను. ఒకటి ఆమెకు. రెండవది ఆమె తన చేతులతో తన ప్రక్క మంచముపైనున్న పిల్లకు ఇచ్చుటకు. ఆ పిల్ల ఏ భాషదైనను సరే.

ఇట్లు చేసినచో మూట పుచ్చుకొన్న పిల్ల ఆ దినముననే దాత యగును. పుచ్చుకొనుటలో ఏదైన సిగ్గు ఉండినచో, ఇచ్చుటలో అది కరగిపోవును. రేపు రోగి ప్రక్కన నిలిచి జాతి భాషలు చూడక సేవ చేయవలసిన ఆమెకు అదియే తొలి పాఠము.

ఓడ దిగిన పూర్వులు బిడ్డలకు విడిచిపోయిన ఆస్తి పెద్దది కాదు. ఉన్న గుప్పెడులోనే ప్రక్క గుడిసెకు పాలు పెట్టిన అలవాటును విడిచిపోయిరి. కానుక వెల తగ్గినను అలవాటు తగ్గకుండుగాక!