జూడిత్ డాయిచ్: నిరాకరణలోని ధర్మం

జూడిత్ డాయిచ్ (1918–2004) ఆస్ట్రియాకు చెందిన యూదు ఈత క్రీడాకారిణి. ఫ్రీస్టైల్‌లో దేశంలోనే మేటిగా పేరు తెచ్చుకుని 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు ఎంపికైంది. కానీ అక్కడికి వెళ్లనని తేల్చి చెప్పింది. పోటీ నుంచి తప్పుకోవడం ధర్మాచరణ అవుతుందా, జరిగేదాన్ని ఆపలేని త్యాగానికి విలువ ఉంటుందా అన్న ప్రశ్నలు ఆమె నిర్ణయంతో ముడిపడి ఉన్నాయి.

డాయిచ్ వియన్నాలో పుట్టింది. అక్కచెల్లెళ్లతో పాటు హకోవా క్లబ్బు తరఫున ఈదేది. యూదులను చేర్చుకోరాదన్న నిబంధన పలు ఆస్ట్రియా క్లబ్బుల్లో ఉన్న కాలంలో, 1909లో యూదులే ఈ క్లబ్బును పెట్టుకున్నారు. హకోవా అంటే హీబ్రూలో ‘బలం’. యూదులు గ్రంథపఠనంతో పాటు దేహదారుఢ్యాన్నీ పెంచుకోవాలని 1898లో బాజెల్‌లో జరిగిన జియోనిస్టు (యూదులకు సొంత దేశం కోరే ఉద్యమం) మహాసభలో ఆ ఉద్యమ నేత మాక్స్ నోర్డౌ ఇచ్చిన పిలుపు ఇలాంటి క్లబ్బులకు ప్రేరణ. ఈ భావనకు మత సంప్రదాయంలోనూ చోటుంది. తండ్రి కొడుకుకు నేర్పవలసిన వాటిలో ఈత కూడా ఒకటన్న అభిప్రాయం యూదు ధర్మగ్రంథం తాల్ముద్‌లో కనిపిస్తుంది. డాయిచ్ 100, 200, 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో జాతీయ విజేతగా నిలిచి, అనేక రికార్డులు నెలకొల్పింది. 1935లో దేశపు ఉత్తమ క్రీడాకారుల్లో ఒకరిగా ప్రభుత్వ గౌరవం అందుకుంది.

అదే ఏడాది సెప్టెంబరులో నాజీ ప్రభుత్వపు నూరెంబర్గ్ చట్టాలు జర్మనీలోని యూదుల పౌరసత్వ హక్కులను లాగేసుకున్నాయి. బెర్లిన్ క్రీడలకు వెళ్లవద్దని యూదు క్రీడా సమాఖ్య తన ఆటగాళ్లను కోరింది. డాయిచ్‌తో పాటు హకోవా ఈతగత్తెలు రూత్ లాంగర్, లూసీ గోల్డ్నర్ కూడా నిరాకరించారు. ముగ్గురూ ఇరవై ఏళ్లు నిండనివారే. ఆస్ట్రియా ఈత సమాఖ్య వారిని పోటీల నుంచి బహిష్కరించింది. వారి బిరుదులను రద్దు చేసి, రికార్డులను పుస్తకాల నుంచి తొలగించింది.

ఫలితాన్నే గీటురాయిగా పెట్టుకుంటే ఈ త్యాగం వృథా అనిపిస్తుంది. క్రీడలు ఆగలేదు, 49 దేశాలు హాజరయ్యాయి. అయితే ఏ కార్యాన్నైనా దాని ఫలితంతోనే తూచడం చాలదు. అందులో చేసినవారి భాగం ఎంతో కూడా చూడాలి. తప్పు చేసేవారి చేతికి ఊతమివ్వరాదన్న సూత్రం యూదు ధర్మశాస్త్రంలో ఉంది. ఈ సూత్రం ప్రకారం, నేరాన్ని ఆపే శక్తి లేనివారికి కూడా దానికి తోడ్పడకుండా ఉండే బాధ్యత మిగిలే ఉంటుంది. బెర్లిన్‌లో ఆతిథేయులకు కావలసింది అతిథుల రాకే. క్రీడల రోజుల్లో యూదు వ్యతిరేక బోర్డులను వీధుల నుంచి తీసేసింది కూడా వచ్చినవారి కళ్లు కప్పడానికే. అలాంటి చోట హాజరే ఒక సాక్ష్యమవుతుంది. డాయిచ్ ఆ సాక్ష్యం ఇవ్వలేదు.

దేవుని నామాన్ని పవిత్రం చేయడాన్ని యూదులు ‘కిద్దుష్ హషేమ్’ అంటారు. ఈ మాట ప్రాణత్యాగాన్నే ఎక్కువగా గుర్తు చేస్తుంది. కానీ విగ్రహారాధన, హత్య, లైంగిక అపరాధం అనే మూడింటికి ఒడిగట్టవలసి వచ్చినప్పుడు తప్ప, ప్రాణాన్ని నిలుపుకోవడానికే ఆ ధర్మం పెద్దపీట వేస్తుంది. డాయిచ్ వదులుకున్నది ప్రాణం కాదు, ఏళ్ల తరబడి నీటిలో పడిన శ్రమకు దక్కవలసిన ఫలం. దైనందిన ప్రవర్తనలోని నిజాయితీ కూడా ఆ నామానికి గౌరవం తెస్తుందన్న బోధన ఆమె నిర్ణయానికి బాగా వర్తిస్తుంది.

వెళ్లినవారందరూ దోషులని దీని అర్థం కాదు. అల్జీరియాలో పుట్టిన యూదు ఈతగాడు ఆల్ఫ్రెడ్ నకాష్ అదే క్రీడల్లో ఫ్రాన్స్ తరఫున 4×200 మీటర్ల ఫ్రీస్టైల్ రిలేలో ఈదాడు. ఆ జట్టుకు నాలుగో స్థానం దక్కింది. 1944లో నాజీలు అతన్ని కుటుంబంతో సహా ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి తరలించారు. భార్యాబిడ్డలు అక్కడే బలయ్యారు. అతను బతికి బయటపడి, 1948 లండన్ ఒలింపిక్స్‌లో మళ్లీ పోటీపడ్డాడు. యూదులను హీనులన్న సిద్ధాంతానికి కొలనులోనే జవాబు చెప్పవచ్చన్న వాదన అతని జీవితంలో బలంగా కనిపిస్తుంది. ఎదుటివారి స్థితిలో నిలబడే దాకా వారిపై తీర్పు చెప్పరాదని ప్రాచీన యూదు గురువు హిల్లెల్ చేసిన బోధ ఇద్దరి విషయంలోనూ పాటించదగినది. అంతరాత్మ ఒకరిని పోటీకి పంపవచ్చు, మరొకరిని ఆపవచ్చు. కానీ రమ్మన్నందుకు రాలేదని ఒకరి అంతరాత్మను శిక్షించే హక్కు ఏ సమాఖ్యకూ లేదు.

డాయిచ్ 1936లోనే కుటుంబంతో పాలస్తీనాకు వలస వెళ్లింది. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకున్నాక హకోవాను మూసేశారు. యుద్ధం ముగిశాక అది తిరిగి మొదలైంది. డాయిచ్ జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం తరఫున 1939 ప్రపంచ విద్యార్థి క్రీడల్లో రజత పతకం గెలిచింది. ఆస్ట్రియా ఈత సమాఖ్య 1995లో క్షమాపణ చెప్పి, ఆమె బిరుదులను పునరుద్ధరించింది. అప్పటికి దాదాపు అరవై ఏళ్లు గడిచిపోయాయి. ఆమెను తప్పుబట్టిన సంస్థే ఆనాటి తప్పు తనదని ఒప్పుకుంది.