నగరానికి జన్మదినం ఉంటుందా?

రహదారి పక్కన నిలిపిన చారిత్రక ఫలకంపై సాధారణంగా మూడు విషయాలుంటాయి: ఒక వ్యక్తి పేరు, ఒక తేదీ, 'స్థాపించెను' అనే క్రియ. బాటసారి క్షణకాలం ఆగి, చదివి, తన దారిన సాగిపోతాడు. పేరు, తేదీ సరైనవే కావచ్చు. ఆ క్రియ మాత్రం కేవలం సమాచారం కాదు, తీర్పు. అంతకు పూర్వం అక్కడ చెప్పుకోదగినదేదీ లేదని అది మౌనంగా ప్రకటిస్తుంది. అందుచేత ఫలకంపై ఏ మాట చెక్కాలన్నది చరిత్రకే కాక, నీతికి కూడా సంబంధించిన ప్రశ్న.

నేటి కోల్‌కతా ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ 1690 ఆగస్టు 24న హుగ్లీ తీరంలోని సూతానుటిలో దిగాడు. ఆ రోజును నగర జన్మదినంగా, ఆయనను నగర స్థాపకుడిగా తరతరాలు చదువుకున్నాయి. నిజానికి ఆయన అక్కడికి రావడం అది మూడవసారి. సూతానుటి అప్పటికే నూలు, వస్త్ర వ్యాపారానికి నెలవు. సమీపంలో కలికాత, గోవిందపూర్ గ్రామాలున్నాయి. చార్నాక్ మరణించిన కొన్నేళ్లకు, 1698లో, ఈ మూడు గ్రామాల జమీందారీ హక్కులను సావర్ణ రాయ్ చౌదరి కుటుంబం నుండి కంపెనీ 1300 రూపాయలకు పొందింది. శిస్తు ఉన్నదంటే దున్నేవాడు ఉన్నాడనే అర్థం. శూన్యాన్ని ఎవరూ వెలపెట్టి కొనరు.

సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో చార్నాక్ సమాధి నేటికీ ఉంది. దానిపై ఉన్న లాటిన్ శాసనం ఆయనను స్థాపకుడని పేర్కొనదు. తనది కాని నేలపై చిరకాలం సంచరించి శాశ్వత గృహానికి చేరుకున్నవాడని మాత్రమే అంటుంది. ఆయనను ఎరిగినవారు చెక్కించిన మాటలో ఉన్న వినయం, తరువాతివారు తగిలించిన బిరుదులో లేదు.

2003 మే నెలలో కలకత్తా హైకోర్టు, నిపుణుల సంఘం నివేదికను పరిశీలించి, చార్నాక్‌ను నగర స్థాపకుడిగా, ఆగస్టు 24ను జన్మదినంగా పరిగణించరాదని నిర్ణయించింది. చార్నాక్ స్థానంలో మరొక స్థాపకుని కూర్చోబెట్టకపోవడం ఇందులో గమనింపదగిన విశేషం.

కంపెనీ రాకుంటే ఆ గ్రామాలు మహానగరమయ్యేవా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కోట, రేవు, వ్యాపారం ఆ ఊళ్ల గతిని మార్చిన మాట వాస్తవం. కాని ఒక మార్పుకు కారణం కావడం వేరు, దానికి ఏకైక కర్త కావడం వేరు. బట్ట నేసినవారు, పెట్టుబడి పెట్టిన వర్తకులు, రేవులో బరువులు మోసినవారు లేకుండా ఏ రేవుపట్టణమూ పెరగలేదు.

ఈ వివేకం తెలుగువారికీ అవసరమే. 1639లో చెన్నపట్నపు కోట నిర్మాణానికి ఫ్రాన్సిస్ డేకు అనుమతినిచ్చినవారు దామెర్ల నాయకులు. వారి తండ్రి చెన్నప్ప పేరుమీదుగానే ఆ పట్నానికి పేరు వచ్చిందన్నది ప్రసిద్ధి. ఆంగ్లేయుని పేరు చెరిపి మన నాయకుని పేరు చెక్కితే న్యాయం జరిగిందనిపించవచ్చు. కాని నేడు ఆ నగరంలో భాగమైన తిరువల్లిక్కేణిలోని పార్థసారథి ఆలయంలో పల్లవ రాజు దంతివర్మ శాసనం ఉంది. మన పేరు చెక్కుకున్నా, ఆ పల్లవుల కాలపు జనం మళ్లీ మరుగునపడవలసినదే. పేరు మారుతుంది, పొరపాటు మాత్రం మిగిలిపోతుంది.

అలాగని ఫలకాలను పెరికివేయడం పరిష్కారం కాదు. ఒక కాలం తన్ను తాను ఎలా ఊహించుకున్నదో చెప్పే సాక్ష్యాలవి. కొత్తగా రాసేటప్పుడు మాత్రం క్రియ విషయంలో జాగ్రత్త వహించాలి. 'వచ్చెను', 'అనుమతి పొందెను', 'హక్కులు కొనెను' అనే మాటలు వచ్చినవారిని తక్కువ చేయవు, ఉన్నవారిని చెరిపివేయవు. ఆ ఫలకాన్ని చదివే బాటసారికి, అతిథి పేరుతోపాటు ఆ ఇంట అంతకుముందే దీపం వెలుగుతున్నదన్న సంగతి కూడా తెలియాలి.