వైరు పీకి చూడు బిడ్డా

బిడ్డా,

మెదక్‌లో ఆ ఆసుపత్రి నెట్‌వర్క్ పని నీకే అప్పగించారని వదిన చెప్పింది. మస్తు సంతోషమైంది. వీఎల్యాన్‌లు వేయాలి, అంతస్తుల మధ్య రెండేసి కేబుళ్లు కలిపి కట్టాలి అన్నావట. నాకు తోచింది రాస్తున్నా.

ముందు రోజు చూసుకో. క్రిస్మస్ వారంలో అసలు వద్దు. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన మన చర్చికి ఆ రోజుల్లో ఎంత జనం వస్తారో నీకు చెప్పాలా? శివరాత్రికి ఏడుపాయల జాతర రోజులూ అంతే. అప్పుడు ఆసుపత్రిలో బిల్లింగ్ ఆగితే నిన్నెవరూ ఊరుకోరు.

స్విచ్ ముట్టేముందు కాగితం తీసి వీఎల్యాన్ నంబర్లు రాసుకో. బిల్లింగ్‌కు 10, ల్యాబ్‌కు 20, సీసీ కెమెరాలకు 30, రోగుల వెంట వచ్చినవాళ్ల వైఫైకి 40. నంబర్లు 4094 దాకా ఉన్నాయి, పిసినారితనం అక్కర్లేదు. 1 మాత్రం వాడకు. కొత్త స్విచ్‌లో అన్ని పోర్టులూ మామూలుగా అందులోనే ఉంటాయి, ఎవరేం గుచ్చినా అందులోకే పోతుంది. ఇంకోటి, నంబర్లు వేరైతే చాలు, భద్రం అనుకోకు. పైన రూటింగ్ తెరిచి పెడితే వైఫైలో ఉన్నవాళ్లు ల్యాబ్ కంప్యూటర్ దాకా వచ్చేస్తారు. అక్కడ ఎవరు ఎటు పోవచ్చో ఏసీఎల్ రాయాల్సిందే.

సిస్కో స్విచ్ అయితే ట్రంక్ దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకో. అనుమతించిన వీఎల్యాన్‌ల జాబితాలో కొత్తది చేర్చేటప్పుడు ‘యాడ్’ అన్న మాట వదిలేశావనుకో, పాతవన్నీ పోయి కొత్తదొక్కటే మిగులుతుంది. నువ్వు ఆ దారినే లాగిన్ అయి ఉంటే నువ్వూ బయటే. అందుకే ముందుగా ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టు. పొరపాటు జరిగితే పది నిమిషాలకు స్విచ్ తనంతట తాను తిరిగి మొదలై, సేవ్ చేసిన పాత అమరికకు వస్తుంది. అంతా బాగుంటే దాన్ని రద్దుచేసి, అప్పుడు సేవ్ కొట్టు. సేవ్ మరిచిన సంగతి కరెంటు పోయిన రోజు అందరికీ తెలుస్తుంది.

కేబుళ్లు కలపడానికి ఎల్‌ఏసీపీ పెట్టు, రెండు వైపులా ‘యాక్టివ్’. రెండూ ‘పాసివ్’ అయితే ఎవరూ ముందు పలకరించరు, జత కుదరదు. మాటామంతీ లేకుండా బలవంతంగా కలిపే ‘ఆన్’ జోలికి పోకు, ఒకవైపు తప్పితే లూపై బిల్డింగంతా స్తంభిస్తుంది. అమరిక ముందు, రెండో కేబుల్ తర్వాత.

మేనేజర్ ‘ఇప్పుడు 2 గిగాబిట్లు వస్తాయా?’ అని అడుగుతాడు చూడు. మెదక్ డిపో హైదరాబాద్‌కు రెండు బస్సులు వేసినా ఒక్క ప్రయాణికుడు సగం సేపట్లో చేరడు కదా. ప్యాకెట్ల వరుస చెదరకూడదని, ఇలా కేబుళ్లు కలపడానికి 2000లో వచ్చిన 802.3ఏడీ ప్రమాణంలోనే ఉంది. అందుకే స్విచ్ అడ్రసులు లెక్కగట్టి ఒక స్కాన్ ఫైలును ఒకే కేబుల్ మీద పంపుతుంది. పదిమంది ఒకేసారి పనిచేసినప్పుడే జత లాభం. అసలు లాభమైతే ఒకటి తెగినా పని ఆగకపోవడం. ఈ మాట పనికి ముందే చెప్పు, తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

లైట్లు వెలిగాయని సామాను సర్దకు. బిల్లింగ్‌లో కూర్చునే పిల్లను పని చేస్తూ ఉండమని ఒక కేబుల్ పీకు. ఆమెకు తెలియకపోతే దాన్ని పెట్టి రెండోది పీకు. రెండు కొసలకూ లేబుల్ అంటించు.

ఆ కాగితం ఫొటో నాకు వాట్సాప్ చెయ్, పని మొదలుపెట్టకముందే సుమా.

మీ చిన్నాయన