సముద్రము దాటిన కొలువు – కాయక ధర్మము

కాయకమునకు ఫలములు రెండు. ఒకటి కూడు, రెండవది గౌరవము. వీనిలో ఏ ఒక్కటి లోపించినను ఆ పని వెట్టిచాకిరి యగునే గాని కాయకము కాజాలదు. అయితే ఇచ్చట ఒక చిక్కుప్రశ్న కలదు. ఒకని చేతిలోని పని, అతని లోపమేమియు లేకుండగనే, వేఱొక దేశమందలి మఱియొకని చేతికి పోయినచో, కోల్పోయినవానికి ఋణపడినవారెవరు? పొందినవాడు అపహరించినవాడగునా? ఇది పండితుల వాదమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. నేడు అనేక తెలుగు కుటుంబములలో కుమారుడో కుమార్తెయో కోడలో హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూర్చుండి, అమెరికాలోని సంస్థకు పని చేసి, ఆ జీతముతో ఇల్లు నడుపుచున్నారు. ఇంటికి వచ్చు కూడు ఎట్టిదో విచారించుట గృహస్థధర్మము.

పూర్వము సముద్రము దాటునవి సరకులు. లెక్కలు వ్రాయువాడును, యంత్రములకు నమూనాలు గీయువాడును యజమాని యున్న ఊరనే యుండవలసియుండెను. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను అమెరికా సంస్థ బెంగుళూరులో కార్యాలయము నెలకొల్పి, అచ్చటి పనిని ఉపగ్రహము ద్వారా తెప్పించుకొనుట ప్రారంభించినది. బుద్ధితో చేయు పనికి ఓడయు రేవును అక్కఱలేదని దానితో తేలినది. పిదప 2000 సంవత్సరము సమీపించినపుడు, సంవత్సరమును రెండంకెలతోనే గుర్తించు పాత ప్రోగ్రాములను సరిదిద్దు పని కుప్పలుగా వచ్చిపడినది. ఓర్పుతో వరుస వెంబడి వరుస చూడవలసిన ఆ పనిలో భారతీయులు మంచి పేరు తెచ్చుకొనిరి. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. న్యూయార్కుకును మనకును శీతకాలమున పదిన్నర గంటల వ్యత్యాసము. అచ్చటివారు నిద్రించు వేళ ఇచ్చట పని జరుగును. జీతమో, అచ్చటి దానిలో కొద్ది పాలు మాత్రమే. యజమానికి ఇంతకంటె ఏమి కావలెను?

ఇది ఒక ఒడ్డు. రెండవ ఒడ్డునను చూడవలెను. 2014 అక్టోబరులో ఫ్లోరిడా రాష్ట్రమందలి ఓర్లాండోలో వాల్ట్ డిస్నీ సంస్థ తన కంప్యూటరు విభాగమున సుమారు 250 మందికి వారి కొలువులు ముగియనున్నవని తెలిపినది. వారిలో పలువురు తమ స్థానమునకు రానున్నవారికి, అనగా భారతదేశము నుండి తాత్కాలిక వీసాపై వచ్చినవారికి, పని నేర్పి వెడలవలసివచ్చినది. కొందఱికి అదే సంస్థలో వేఱు పనులు దొరకినవి; తక్కినవారికి లేదు. 2015లో ఈ వార్త పత్రికల కెక్కి అలజడి రేపినది. ఇట్టి పద్ధతి ఒక్క సంస్థకు పరిమితమైనది కాదు. పని నేర్పనిచో తొలగింపు వేళ నిచ్చు పరిహారము దక్కదను షరతులు కూడ అనేకచోట్ల గలవు. విద్య చెప్పుట దానములలో ఉత్తమము. కాని తన కూటిని తీసికొనిపోవువానికి, తన నోటితోనే, కాదనుటకు వీలులేక చెప్పు విద్య దానమగునా? కూడు పోవుట కష్టము. కూటితోపాటు గౌరవమును గుంజుకొనుట అధర్మము.

ఇచ్చట అర్థశాస్త్రజ్ఞులు కొందఱు ఆక్షేపింతురు. 2004లో అమెరికా అధ్యక్షుని ఆర్థిక సలహాదారు గ్రెగరీ మాన్‌క్యూ, ఈ విధమైన పని మార్పిడి అంతర్జాతీయ వాణిజ్యమునకు నూతన రూపమే యనియు, కాలక్రమమున దేశమునకు లాభమే యనియు చెప్పెను. తన పక్షమువారే ఆతనిని తప్పుపట్టిరి. ఆ సంవత్సరముననే, నోబెల్ పురస్కృతుడైన వృద్ధ పండితుడు పాల్ సామ్యుయల్‌సన్, గెలిచినవారి లాభము ఓడినవారి నష్టమును ఎల్లపుడును పూడ్చునని నమ్మరాదని వ్రాసెను. అలన్ బ్లైండర్ అను మఱియొక పండితుడు విభజన వేఱుగా చేసెను. ఏ పని దేశము దాటునన్నది చదువునుబట్టి యుండదు; తీగ వెంట పంపుటకు వీలుపడునా లేదా యనుదానినిబట్టి యుండును. క్షురకుని పని దాటిపోదు; గణకుని పని దాటిపోగలదు. 2007లో ఆతని అంచనా ప్రకారము అమెరికా కొలువులలో నూటికి 22 మొదలు 29 వఱకు అట్లు దాటిపోగల స్వభావము గలవి. అవి పోయి తీరునని కాదు, పోగలవని మాత్రమే దీని భావము. ఈ లెక్కలు విలువైనవే. కాని దేశము మొత్తమున లాభము కలిగినదని చెప్పినంత మాత్రమున, పొయ్యి ఆరిన ఇంట పొయ్యి వెలుగదు.

రెండవ ఆక్షేపణ: అయినచో భారతీయుడు పరుల సొమ్ము తినుచున్నాడా? ఇందులకు చరిత్రమే సమాధానము చెప్పును. మచిలీపట్నము మొదలగు రేవుల నుండి పోయిన అద్దకపు వస్త్రములు ఒకప్పుడు ఇంగ్లండు అంగళ్లను నింపివైచినవి. తమ కూడు పోవుచున్నదని లండను నేతగాండ్రు మొఱపెట్టగా, 1700లో అద్దకపు వస్త్రముల దిగుమతిని అచ్చటి శాసనసభ నిషేధించినది. 1719లో ఆ నేతగాండ్రు వీథులలో అద్దకపు బట్టలు ధరించిన స్త్రీల వస్త్రములను చించివైచిరి. 1721 నాటి శాసనము అట్టి వస్త్రములను ధరించుటనే నిషేధించినది. తరువాతి శతాబ్దమున లాంకషైరు మిల్లు బట్ట వచ్చి మన నేతగాని మగ్గమును మూలబెట్టినది. ఒకనాడు మనవాని మగ్గము వారికి కన్నీరు తెచ్చినది; మఱియొకనాడు వారి యంత్రము మనకు తెచ్చినది. కావున పని ఎవ్వరి పిత్రార్జితమును కాదు. నిజాయితీగా నేర్చి, నిజాయితీగా చేసి, జీతము పొందినవాడు దొంగ కాడు.

దొంగ కాడన్నంతనే ఋణము తీఱినదనరాదు. ఆయ్దక్కి లక్కమ్మ వృత్తాంతము మనవారందఱు ఎఱిగినదే. ఏరి తెచ్చుకొను బియ్యముతో జీవించు ఆ దంపతులలో, భర్త మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తీసికొనిరాగా, ఆమె ఆ మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెనని చెప్పుదురు. రెండు దేశముల జీతముల నడుమ నున్న వ్యత్యాసము అట్టి మిగులు బియ్యమే. అందు అధికభాగము చేరునది యజమానికి. కావున మొదటి ఋణస్థుడు అతడు. ముందుగా తెలుపుట, తగిన పరిహారమిచ్చుట, క్రొత్తపని నేర్చుకొనుటకు గడువునిచ్చుట అతని విధి. అది దయ కాదు. చౌకగా సేవ పొందు ప్రజలును, వారి ప్రభుత్వమును రెండవ ఋణస్థులు. అమెరికా 1962లోనే, విదేశ వాణిజ్యమువలన పని పోయినవారికి శిక్షణయు భృతియు నొసగు చట్టము చేసి ఈ ఋణము నొప్పుకొనినది. కాని అది సరకులు చేయువారికే వర్తించినది. సాఫ్ట్‌వేరు వ్రాయువారు చేయునది వస్తువే కాదని వారి అర్జీలను తిరస్కరించిన దినములు గలవు. 2009లో సేవారంగమువారికి దానిని విస్తరించిరి. నడుమ తెగుచు అతుకుకొనుచు వచ్చిన ఆ పథకమున, 2022 జూలై 1 నుండి క్రొత్త అర్జీల నామోదించు అధికారమే ఆగిపోయినది. ఒప్పుకొనిన అప్పును ఎగవేయుట ఒప్పుకొననిదానికంటె దోషము.

మూడవ ఋణస్థుడు కొలువు పొందినవాడు. అతని అప్పు ధనరూపమైనది కాదు. పని నేర్పి వెడలినవాడు ఇష్టములేకయే నేర్పినను అతడు గురువే. అతనిని ఎగతాళి చేయరాదు. అసమర్థుడై తొలగెనని తలపరాదు. గౌరవము పోగొట్టుకొనుట యెట్లుండునో మనవారికిని తెలియును. కాల్ సెంటర్లలో మన యువకులెందఱో రాత్రియెల్ల పరదేశపు పేరు పెట్టుకొని, తల్లిదండ్రులిచ్చిన పేరు దాచుకొని మాటలాడిరి. ఆ పనియు నిలువలేదు. 2010 ప్రాంతమున ఫిలిప్పీన్సు మాటల కొలువులలో భారతదేశమును మించినది. ఇపుడు కృత్రిమ మేధ ఆ రెండు దేశములవారి తలుపును తట్టుచున్నది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి వీసా అర్జీలపై లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన వెలువరింపగా, ఎన్నియో తెలుగు ఇండ్లలో ఆందోళన కలిగినది. ఆ ఆందోళన సహజమే. అట్టిదే ఓర్లాండోలోని ఇండ్లలో 2014లో కలిగినదని తలచుకొన్నవానికి మాత్రమే దానిని గుఱించి న్యాయముగా పలుకు అర్హత కలదు.

కావున ఇట్టి జీతము వచ్చు ఇంట పాటింపవలసినవి కొన్ని గలవు. కొలువు శాశ్వతమని నమ్మి శక్తికి మించిన అప్పులు చేయరాదు. బిడ్డకు రెండవ విద్య యొకటి నేర్పవలెను. జీతములో కొంత దాసోహముగా విడిచి, తన ఊరిలోనే పని పోయిన కుటుంబమునకు, అది ఏ కులమువారిదైనను, చేయూత నీయవలెను. తాను పైయధికారియైన నాడు, ఏ పనివానిని తొలగింపవలసివచ్చినను, అతనిచే బలవంతముగా వారసునికి నేర్పింపరాదు. నేర్పుమని అర్థించి, నేర్పినదానికి వేఱుగా ప్రతిఫలమిచ్చి, నమస్కరించి పంపవలెను. పని ఏ ఒడ్డునకు పోయినను, పోగొట్టుకొన్నవాని గౌరవమును అతనికే విడిచిపెట్టినపుడు మాత్రమే అది కొత్త చేతిలోను కాయకమై నిలుచును.