దాసశబ్దవిచారము



మన శ్రీకూర్మమునందును సింహాచలమునందును శ్రీవైష్ణవు లొకరినొకరు పలుకరించుకొనునప్పుడు “నేను” అనుటకు మాఱుగా “అడియేన్” అనియో, “దాసుడు” అనియో చెప్పుకొనుట మీరు వినియుందురు. తమిళమున “అడి” యనగా పాదము. పాదములచెంత నుండువాడనని యా పదమున కర్థము. వారి సంభాషణమున నెదుటివాని యిల్లు తిరుమాళిగ. తనది మేడయైనను గుడిసెయే. ఆళ్వారులలో నొకరు తొండరడిప్పొడి, అనగా భక్తుల పాదధూళి, యను పేరనే ప్రసిద్ధులైరి.

విగ్రహారాధన నంగీకరింపని మనకు దీనితో నేమి పని యందురా? ఈ పదమునందొక విశేషము గలదు. ఇది యిచ్చిపుచ్చుకొను మాట. ఒకడు “దాసుడను” అనగా రెండవవాడును “దాసుడను” అనియే బదులు పలుకును. ఇరువురును దాసులైనచోట యజమానుడు మనుష్యులలో నుండడు. ఈశ్వరు డొక్కడే యజమానుడు.

ఈ పదమునకు తోబుట్టువైన “అడియన్” అను మాటను మలయాళదేశమున పూర్వ మగ్రవర్ణులు తక్కువజాతివారని తామెంచినవారిచే బలవంతముగా పలికించిరి. వారు “నేను” అనుటయే యపరాధమయ్యెను. తెలంగాణమున దొరలయెదుట పేదలు పలికిన “బాంచెన్” అను మాటయు నట్టిదే. ఆ మాటకు బదులుగా “నేనును నీ బాంచెన్” అనిన దొర యెవ్వడు? బదులు వచ్చినచోట భక్తి, రానిచోట బానిసత్వము.

1948వ సంవత్సరపు శాసనము మన ప్రాంతపు జమీందారీలను రద్దుచేసెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించెను. న్యాయవాదవృత్తిలో నుండి నేనెఱిగిన దేమన, శాసనము పరులచే దాస్యము పలికించుటను మాన్పగలదు గాని, మనచే వినయము పలికింపజాలదు.

కావున మన యిండ్లనే విచారింతము. తండ్రి వయసుగల పాలేరును “ఏరా” యని పిలుతుము. ఆతడు చేతులు కట్టుకొని “చిత్తము బాబూ” యనగా సంతసింతుము. ఆ సాయంకాలమే ప్రార్థనామందిరమున “ప్రభూ! నేను నీ దాసుడను” అని కన్నులు మూసికొందుము. దేవునికి చెల్లవలసిన మాటను మనుష్యునివలన పుచ్చుకొనుట దేవద్రవ్యాపహరణము కాదా?

అట్లని వినయపదములను విడువవలసిన పనిలేదు. వానికి బదులియ్య నేర్వవలెను. “అండీ” అనువానిని మనమును “అండీ” యందము. రేపటి యుదయమున మన వాకిటనే యిది యారంభమగుగాక.

పరమపితా! మా నాలుకలనుండి గర్వమును తొలగింపుము. నీయెదుట దాసులమై, మనుష్యులయెదుట సోదరులమై వర్తించు బుద్ధి మాకు దయచేయుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.